క్రాస్బీ మహాశాల: స్థానాంతరము నొందిన యొక గృహముయొక్క చరిత్ర

శాసనములవలెను, తాళపత్రగ్రంథములవలెను గృహములును జరిత్రకు సాక్షులు. అయితే శాసనము తన కాలమును దానే చెప్పుకొనును. గృహ మట్లు చెప్పుకొనదు. గృహమున నివసించినవా రెల్లరును దానిని దమ యవసరమునకుఁ దగినట్లు మార్చుకొందురు. ఒకఁడు గదిని గలుపును. మఱియొకఁడు గోడను దీయును. వేఱొకఁడు పాతదానిని బాగుచేయఁబోయి, పాతదానివలెనే కనఁబడు క్రొత్తదానిని నిలుపును. కొన్ని తరములు గడచిన పిమ్మట నే భాగ మెవనిదో యెఱుఁగుట కష్టమగును. ఇఁక నట్టి గృహము మూలస్థానమునుండి పెల్లగింపఁబడి వేఱొకచోట నిలుపఁబడెనేని, దాని సాక్ష్య మెంతవఱకుఁ బ్రమాణమను ప్రశ్న మఱింత జటిలమగును.

లండను నగరమున థేమ్సు నదీతీరమందలి చెల్సీలో నున్న క్రాస్బీ మహాశాల యట్టి గృహము. ఇది పదునేనవ శతాబ్దమున బిషప్సుగేటు వీథియొద్దఁ గట్టఁబడినది, 1908లో నూడఁదీయఁబడినది, 1910 నాఁటికి చెల్సీలో మరల నిలుపఁబడినది. దీనితో నింగ్లండు రాజుల కథలు, ఒక మహాపండితుని పేరు, మచిలీబందరు వర్తకముతో సంబంధముగల యొక కంపెనీ చరిత్ర పెనవైచుకొని యున్నవి. ఈ కథలలో నేవి గృహమువలన స్థిరపడునో, యేవి పత్రములవలన మాత్రమే స్థిరపడునో, యేవి యెందువలనను నిలువవో విభజించి చూపుట యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

నిర్మాణము

సర్ జాన్ క్రాస్బీ లండను నగరమున ధనికుఁడగు వర్తకుఁడు. గ్రోసర్ల వర్తకసంఘమునకుఁ జేరినవాఁడు. 1466లో నగరము పక్షమునఁ బార్లమెంటు సభ్యుఁడయ్యెను. 1468లో ఆల్డర్మను, 1470లో షెరీఫు పదవులను బొందెను. 1471లో ఫాకన్బర్గు సైన్యము లండనును ముట్టడించినపుడు నగరరక్షణమునఁ బాల్గొన్నందున నాల్గవ యెడ్వర్డు రాజు వానిని నైటు బిరుదముతో సత్కరించెను.

ఇతఁడు 1466లో సెయింటు హెలెన్సు సన్యాసినీమఠముయొక్క యధ్యక్షురాలగు ఆలిస్ ఆష్‌ఫెల్డునుండి కొంత భూమిని, అందలి యిండ్లను 99 ఏండ్లకుఁ గౌలునకుఁ దీసికొనెను. ఏఁటికిఁ గౌలు 11 పౌనుల 6 షిల్లింగుల 8 పెన్సులు. ఆ భూమిలో శిలతోడను గొయ్యతోడను విశాలమగు సౌధమును గట్టించెను. నివాసగృహములలో నంత యెత్తయినది నాఁడు లండనులో వేఱొకటి లేకుండెనని నగరచరిత్రకారుఁడగు జాన్ స్టో వ్రాసియున్నాఁడు. క్రాస్బీ 1475 ప్రాంతమున మరణించెను. కాఁగా నతఁ డీ సౌధము ననుభవించినకాల మత్యల్పము. అతనికిని భార్యకును గట్టిన సమాధి సెయింటు హెలెన్సు దేవాలయములో నున్నది. గృహము తరలిపోయినను గృహస్థుఁడు మూలస్థానముననే నిలిచి యున్నాఁడు.

ఆ కాలపు ధనికగృహములలోఁ బ్రధానాంగము మహాశాల. అందొక కొనను గృహస్థుఁడు బంధుమిత్రులతోఁ గూర్చుండి భుజించుటకు వేదిక యుండును. రెండవ కొనను వంటయింటినుండి వచ్చు మార్గమునకుఁ దెఱ యుండును. మహాశాలకుఁ జేరి యజమానుని గదులును, వాకిలియు నుండును. క్రాస్బీ సౌధ మీ పద్ధతినే కట్టఁబడినది. మహాశాల వెడల్పు సుమారు 27 అడుగులు, ఎత్తు సుమారు 40 అడుగులు. కిటికీలు గోడలమీఁదఁ జాల నెత్తుననున్నవి. వాని క్రింది గోడభాగము చిత్రాస్తరణములను వ్రేలాడఁదీయుట కుపయుక్తము. చెక్కడపుఁ గొయ్యకప్పునుండి గుత్తులవంటి లంబకములు దిగియుండును. ప్రక్కగోడనుండి ముందునకుఁ బొడుచుకొని వచ్చిన గవాక్షమండపము శాల యెత్తంతయు నాక్రమించును. దానిపైనున్న శిలావితానమునందలి కీలబంధముమీఁదఁ గ్రాస్బీ చిహ్నమగు పొట్టేలు చెక్కఁబడియున్నది. నిర్మాత యెవఁడో పత్రముల యపేక్ష లేకయే గృహము తనంతఁ దాను జెప్పు నొక్కమాట యిది.

నామనిర్వచనము

ఇచ్చట నామమునుగూర్చి యొక మాట చెప్పవలసియున్నది. క్రాస్బీ యనాథశిశువై శిలువకంబమునొద్ద దొరకెననియు, 'క్రాసు' అనఁగా శిలువ గావున నా పేరు వచ్చెననియు నొక కథ లోకమునఁ బ్రచరితమై, నాటకములకుఁగూడ నెక్కెను. స్టో దానిని గట్టుకథయని నిరాకరించెను. క్రాస్బీ నామధేయు లంతకుముం దుండిరనియుఁ జూపెను. భాషాతత్త్వ మతని పక్షముననే యున్నది. 'క్రాస్బీ' యనునది ప్రాచీన నార్వే భాషనుండి వచ్చిన గ్రామనామము. అందుత్తరపదము పల్లె యను నర్థమునిచ్చును. శిలువలుగల పల్లె యని సమస్తపదార్థము. ఉత్తర యింగ్లండులో నీ పేరుగల యూళ్లు పెక్కు లున్నవి. ఊరిపేరు ఇంటిపేరగుట తెలుఁగువారికిఁ గ్రొత్త గాదు. పూర్వపదమును మాత్రము విడఁదీసి, యుత్తరపదమును విడిచి, తదుచితమగు కథను గల్పించుట లోకమున నెల్లచోటులను గల దోషమే.

ఐతిహ్యములు

1483లో గ్లాస్టరు ప్రభువగు రిచర్డు రాజ్యసంరక్షకుఁడై యీ గృహమున బసచేసెను. షేక్స్పియరు మూఁడవ రిచర్డు నాటకమున దీని పేరుగలదు. ఇంతవఱకు నిజము. తరువాతి కాలమువారు దీనిలోని గదుల కొకదానికి సింహాసనశాల యనియు, వేఱొకదానికి మంత్రాలోచనశాల యనియుఁ బేరులు పెట్టి, రిచర్డునకుఁ గిరీట మిచ్చటనే సమర్పింపఁబడెనని చెప్పఁజొచ్చిరి. కాని 1483 జూన్ 26వ తేదీని ప్రభువులును నగరవాసులును రాజ్యము స్వీకరింపుమని రిచర్డును బ్రార్థించినది నదీతీరమందలి బేనార్డు కోటయందు. క్రాస్బీ గృహమునందుఁ గాదు. గదుల పేరులు నాటకపుఁ బ్రసిద్ధివలనఁ గలిగినవే కాని చరిత్రవలనఁ గలిగినవి గావు.

రెండవ యైతిహ్యము సర్ థామస్ మోరును గుఱించినది. అతఁడు యుటోపియా గ్రంథమును, మూఁడవ రిచర్డు చరిత్రమును నీ గృహముననే రచించెనని కొంద ఱనిరి. మోరు దీని కౌలును గొన్నది 1523లో. యుటోపియా లూవేను నగరమున నచ్చుపడినది 1516లో. రిచర్డు చరిత్రమును నంతకుముందు వ్రాసినదే. కావున నీ మాట కాలగణన చేతనే నిలువదు. అంతియకాదు, 1524 జనవరిలోనే మోరు కౌలును దన మిత్రుఁడును, ఇటలీదేశపు వర్తకుఁడునగు ఆంటోనియో బొన్‌వీసీకి విక్రయించెను. అతనికిఁ గౌలున్నది కొన్ని నెలలు మాత్రమే. స్నేహము మాత్రము తుదివఱకు నిలిచినది. 1535లో మరణశిక్షకు ముందు మోరు చెఱలో సిరా కలములు లేక బొగ్గుతో లాటిను భాషలో జాబు వ్రాసినది యీ బొన్‌వీసీకే.

మఠములు రద్దు చేయఁబడిన కాలమున, 1538లో, సెయింటు హెలెన్సు మఠమును మూయఁబడినది; భూమి రాజున కయ్యెను. తరువాత గృహము బొన్‌వీసీకి సొంతమయ్యెను. 1594లో లండను మేయరుగా నెన్నికయైన సర్ జాన్ స్పెన్సరు దీనిని గొనెను. స్పెన్సరు కూఁతురును బెండ్లాడిన విలియం కాంప్టను తరువాత నార్తాంప్టను ప్రభువయ్యెను. గృహము వా రధీనమున నుండఁగా నొక క్రొత్త కౌలుదారు ప్రవేశించెను.

మచిలీబందరు సంబంధము

ఆ కౌలుదారు ఈస్టిండియా కంపెనీ. 1600లోఁ బుట్టిన యీ కంపెనీకి మొదటఁ బ్రత్యేకమగు కార్యాలయము లేదు. గవర్నరగు సర్ థామస్ స్మిత్ గృహముననే వ్యవహారములు జరుగుచుండెను. 1621లో నతఁడు పదవిని విడువఁగా, కంపెనీ క్రాస్బీ గృహమునకు వచ్చి 1638 వఱకు నందుండెను. ఈ పదునేడేండ్లలో నాంధ్రతీరమున జరిగిన సంగతులను సరిపోల్చి చూచినఁ గాని దీని విలువ తెలియదు.

1611లో 'గ్లోబు' అను నోడమీఁద వచ్చిన యాంగ్లేయవర్తకులు మచిలీబందరులోఁ గోఠీని స్థాపించిరి. ఈ తీరపుఁ గోఠీలు జావాద్వీపమందలి బాంటము కోఠీకి లోఁబడి యుండెను. ఇచ్చటి నేఁత, అద్దకపు బట్టల కచ్చటి సుగంధద్రవ్యముల వర్తకమున గిరాకి మిక్కుటము. 1626లో నెల్లూరుసీమలో దుర్గరాజపట్నమున నింకొక కోఠీ యేర్పడెను. స్థానికాధికారులతోడి కలహములచే 1628లో మచిలీబందరును విడిచి యచ్చటికిఁ బోయినవారు 1630లో మరల వచ్చిరి. 1632లో గోలకొండ సుల్తానగు అబ్దుల్లా కుతుబ్‌షా, యేఁటికి 500 వరహాలు చెల్లించుకొని తన రేవులలో వర్తకము చేసికొనవచ్చునని వారికి ఫర్మానా నొసఁగెను. దానినే చరిత్రకారులు బంగరు ఫర్మానా యందురు. ఈ సంగతులు జరుగునాఁటికిఁ గంపెనీ పాలకసభ కూడుచున్నది క్రాస్బీ గృహముననే.

అయితే యిచ్చట నొక మేర నతిక్రమింపరాదు. 1639లో దామెర్ల నాయకులవలన చెన్నపట్టణపు స్థలము లభించునాఁటికిఁ గంపెనీ క్రాస్బీ గృహమును విడిచి లెడెన్‌హాలు వీథికిఁ బోయియుండెను. కావున మచిలీబందరు కథలో నీ గృహమునకు భాగము గలదు. చెన్నపట్టణపుఁ గథలో లేదు. మఱియు నీ సంబంధమును దెలుపునవి కంపెనీవారి సభావృత్తాంతములు మాత్రమే, గోడలు గావు. పొట్టేలుబొమ్మ క్రాస్బీని జెప్పినట్లు కంపెనీని జెప్పు చెక్కడ మా శాలలో లేదు.

వికారములు

1666 నాఁటి మహాగ్నిప్రమాదము లండనులో నధికభాగమును దహించినను నీ గృహమును దాఁకలేదు. కాని 1672లో వేఱొక యగ్నిప్రమాదమున సౌధముయొక్క నివాసభాగము నశించెను. మహాశాలయు దానిప్రక్క గదులుగల భాగమును మాత్రమే మిగిలెను. కాలిన భాగముమీఁద క్రాస్బీ స్క్వేరను పేరఁ గ్రొత్త యిండ్లు లేచినవి. క్రాస్బీ కట్టిన సౌధ మనునది యప్పటినుండియే లేదు. ఉన్నది తచ్ఛేషము మాత్రమే.

మిగిలినశాల ప్రెస్బిటీరియను మతస్థుల ప్రార్థనామందిరమయ్యెను. తరువాత సరకులు మూటకట్టు కొట్టయ్యెను. కొట్టువారు శాల యెత్తును వ్యర్థమని తలఁచి, నడుమ నొక యంతస్తును గూర్చిరి. క్రిందనుండి పైకప్పు వఱకు నేకముగాఁ జూడవలసిన శాల రెండు పొట్టి గదుల దొంతరయైనది. అయినను నీ యవమానమే కొంతవఱకు రక్షణమయ్యెను. పనికివచ్చుచున్న కొట్టును బడఁగొట్ట నెవరికిని దొందర లేదు.

1831 ప్రాంతమునఁ గొట్టువారి కౌలు ముగియఁగా, మేరియా హాకెటు అను విదుషి శాలను గాపాడుటకై పూనికవహించెను. చందాలు పోగుచేయఁబడి 1836లో జీర్ణోద్ధరణ మారంభమైనది. నడిమి యంతస్తు తీసివేయఁబడినది, కప్పు బాగుచేయఁబడినది, 1842లో శాల మరలఁ దెఱవఁబడినది. కొంతకాలము సారస్వతవిజ్ఞానసంఘమునకు నిలయమై, 1868నుండి భోజనశాలయైనది. ఈ జీర్ణోద్ధారకులు చేసిన యుపకారము గొప్పది. కాని వారు చేర్చిన క్రొత్తభాగములనుగూడఁ బ్రాచీనశైలిలోనే రచించిరి. కొట్టువాఁడు చేర్చిన యంతస్తు పరాయిదని చూడఁగనే తెలియును. ఉద్ధారకుఁడు చేర్చినది మూలమో యనుకరణమో పరీక్షించినఁ గాని తెలియదు. ప్రతిలేఖకుఁడు తన పాఠమును గవిశైలిలోనే యిమిడ్చినపుడు గ్రంథపరిష్కర్తకుఁ గలుగు కష్టము వంటిదే యిది.

స్థానాంతరము

1907లో భారత, ఆస్ట్రేలియా, చైనా దేశములతో వ్యవహరించు చార్టర్డుబ్యాంకు తన కార్యాలయమునకై యీ స్థలమును గొనెను. ఆ బ్యాంకు 1853లో జేమ్సు విల్సను స్థాపించినది. 1859లో హిందూదేశమునకుఁ బ్రథమార్థికసభ్యుఁడుగా వచ్చి, 1860లోఁ గలకత్తాలో మరణించిన విల్స నతఁడే. హిందూదేశపు వర్తకమునకై యొకనాఁడు నిండియున్న గృహము, హిందూదేశపు వర్తకధనముచేతనే యాస్థానమునుండి తొలఁగింపఁబడెను.

శాలను నాశనము చేయరాదని విద్వాంసులు గట్టిగా నిరసించిరి. తుదకు 1908లో శాల యొక్కొక్క భాగముగా విప్పఁబడినది; రాళ్లకును గొయ్యలకును సంఖ్యలు వేసి భద్రపఱచిరి. లండను పురాతనకట్టడములను లెక్కించుటకై యేర్పడిన సంఘము తరఫున ఫిలిప్ నార్మను చరిత్రమును, కారో యను శిల్పి కట్టడపు వర్ణనమును గలిపి, యా 1908లోనే పటములతోఁ బ్రకటించిరి. వీథి, వాకిలి, ప్రక్కగదుల సంబంధము నేఁ డెవరికైనఁ దెలియుచున్నదన్న నది యిట్టి లేఖనముల వలననే.

క్రొత్తస్థలముగా చెల్సీని గోరినవారిలోఁ బాట్రిక్ గెడ్డీసు ముఖ్యుఁడు. 1524 ప్రాంతమున మోరు నివాసమేర్పఱచుకొన్నది చెల్సీలోనే. అతని గృహము 1740లోఁ బడఁగొట్టఁబడినను దోఁట యున్నచోటు గుర్తులో నున్నది. ఆ చోటనే శాలను నిలిపి, విద్యార్థివసతికిఁ జేర్పవలెనని గెడ్డీసు తలంపు. ఈ గెడ్డీసే 1914లో గవర్నరగు పెంట్లండు ప్రభువు ఆహ్వానమున మద్రాసునకు వచ్చి, యీ రాజధానిలోని నగరములను బరిశీలించి, పాతయిండ్లను బడఁగొట్టక, యవసరమగు చోటులను మాత్రమే సవరింపవలెనని బోధించెను.

వాల్టరు గాడ్ఫ్రీ యను శిల్పి చేతిమీఁదుగా 1909-1910 సంవత్సరములలో శాల చెల్సీలో లేచినది. నిలుపఁబడినది మహాశాల మాత్రమే. యజమానుని గదులుగల భాగము రాలేదు. 1914 నాఁటి యుద్ధములో బెల్జియమునుండి వచ్చిన శరణార్థు లిచ్చట నాదరింపఁబడిరి. 1925-1927లో గాడ్ఫ్రీయే దీనిప్రక్క నొక వసతిగృహమును గట్టెను. అందు విశ్వవిద్యాలయపట్టములు గల స్త్రీలు పెక్కుదేశములవారు నివసించిరి. 1988లో నీ భవనము వ్యక్తిగతాస్తియైనది. తరువాత దీని చుట్టును బూర్వశైలిలోఁ గ్రొత్తకట్టడములు లేచి, నడుమ ముంగిలితో నొక సౌధముగా నేర్పడినవి. 1672లోఁ బోయిన సౌధము వేఱొకచోట, వేఱొకరిచేత మరలఁ గల్పింపఁబడినది.

నిర్ణయము

ఇన్ని మార్పులు గల గృహమును దాననిగా నంగీకరింపవచ్చునా? వ్యాకరణశాస్త్రమున దీనికిఁ దగిన రెండు విచారములు గలవు. ఒకటి యేకదేశవికృతన్యాయము: ఒక భాగమున వికారము నొందినది వేఱుకాదు, తోఁక తెగిన కుక్క కుక్కయే కాని గుఱ్ఱము గాదు. రెండవది స్థాన్యాదేశవిచారము: స్థానికి బదులుగా వచ్చిన యాదేశము స్థానికిఁ గల కార్యములను బొందును, కాని వర్ణము నాశ్రయించిన విధులయందు బొందదు.

1672నుండి 1907 వఱకుఁ గలిగిన మార్పులకు మొదటిన్యాయము చెల్లును. ప్రార్థనామందిరమైనను, కొట్టైనను, భోజనశాలయైనను నది క్రాస్బీ శాలయే. ఏలయన స్థలము మాఱలేదు, ప్రధానాంగము నశింపలేదు. 1908 తరువాతి మార్పునకీ న్యాయము చాలదు. చెల్సీలోనున్నది తోఁక తెగినది గాదు. తోఁకయు నవయవములును బోఁగా మిగిలిన యంగము వేఱొక నేలమీఁద నిలుపఁబడినది. దీనికి రెండవ విచారమే శరణ్యము. రూపము నాశ్రయించిన విషయములందు, అనఁగాఁ గప్పు, గవాక్షమండపము, చెక్కడము, కొలఁతలు మొదలగువాని యందు, చెల్సీశాల బిషప్సుగేటు శాలవలెనే ప్రమాణము. స్థానము నాశ్రయించిన విషయములందు, అనఁగా నేల, పునాది, వాకిలి, వీథితోడి పొందిక, ప్రక్కగదులకుఁ బోవు దారి మొదలగువాని యందు, నది ప్రమాణము గాదు. అచ్చట 1908 నాఁటి పటములే ప్రమాణము.

ఈ విభాగమును బాటింపనిచోఁ గలుగు ప్రమాదము మోరు విషయమునఁ దేటపడును. శాల నేఁడు మోరు తోఁటలో నున్నది. మోరొకప్పు డీ శాలకుఁ గౌలుదారు. ఈ రెండును నిజములే. రెంటిని గలిపి, మోరు చెల్సీలో నీ శాలలో నివసించెనన్న నసత్యము. రెండు సత్యముల నడుమ నసత్యము పుట్టుటకు స్థానాంతర మవకాశ మిచ్చినది.

తెలుఁగుదేశమున నీ విచారము నిరుపయోగము గాదు. నాగార్జునసాగరమున మునుఁగవలసిన నాగార్జునకొండ కట్టడములు కొన్ని కొండమీఁదను, అనుపువద్దను మరల నిలుపఁబడినవి. శ్రీశైలజలాశయము నిమిత్తము కూడవెల్లి సంగమేశ్వరాలయ మాలంపురమునకుఁ దరలింపఁబడినది. వీనిని జూపి బోధించువారు రూపాశ్రయమగు విషయమేదో, స్థానాశ్రయమగు విషయమేదో విడఁదీసి చెప్పవలెను. సంగమేశ్వరుఁడను పేరు రెండునదుల కలయికను జెప్పుచున్నది. ఆలయమున్నచోట నా కలయికను వెదకిన విద్యార్థికిఁ గానరాదు. ఎక్కడనుండి, యేమేమి, యే వరుసను దెచ్చిరో తెలుపు లేఖనము గృహముతోఁ గూడ భద్రపఱుపఁబడినపుడే తరలిన గృహము సాక్షిగా నిలుచును. అది లేనినాఁడు చక్కని రాళ్ల కూర్పు మాత్రమే యగును.